ఒక మెట్టు కింద

డాన్సు హాల్లో కప్పు మధ్యన అద్దాల బంతి వేలాడదీసిన రోజున మా నాన్న దాన్ని కింద నుంచి పైకి ఓసారి చూసి, "బాగుంది. దుమ్ము తుడవాలంటే నిచ్చెన కావాలి" అన్నాడు. అంతకు మించి ఆయన నోట మాట రాలేదు. నాన్నకి కోపం పెరిగేకొద్దీ మాటలు తగ్గిపోతాయి. ఆ వేసవి మొదలయ్యేసరికి ఆయన దాదాపు మూగనోము పట్టినట్టే ఉన్నాడు.

బంతితో పాటు రెండు రికార్డు ప్లేయర్లు, నిలువెత్తు స్పీకర్లు, వాటిని నడపడానికి మెరుపుల చొక్కా తొడుక్కున్న ఒక మనిషి దిగారు. మా బాబాయి అతన్ని చూసిన క్షణంలోనే తళుకులాయన అని నామకరణం చేసేశాడు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా. ఏళ్ళ తరబడి ప్రతి శనివారం సాయంత్రం ఆ హాల్లో వాయించిన చెవులం మేము. అతను నిన్నగాక మొన్న మొలిచిన కొమ్ము.

హాలు యజమాని మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు. "నేనెవరి పొట్టా కొట్టేవాణ్ణి కాదు. ఈ వేసవంతా సగం సాయంత్రం మీరు వాయించండి, సగం సాయంత్రం అతను రికార్డులు వేస్తాడు. వానలకి ముందు ఆఖరి శనివారం చూస్తాను. ఎవరి వంతులో జనం కూలబడకుండా ఆడుతూ నేల మీదే ఉంటే హాలు వాళ్ళది. జనానికి డిస్కో కావాలంటున్నారు, నన్నేం చెయ్యమంటారు?"

మా బ్యాండు అంటే మా ఇల్లే. నాన్న డ్రమ్స్. బాబాయి కుడి చేత్తో ట్రంపెట్, ఎడమ చేత్తో ఆర్గను. చూసేవాళ్ళకి నవ్వొచ్చేది గానీ వినేవాళ్ళకి కాదు. నాన్న చెల్లెలు, మా అత్త, పాడుతుంది. నేను బేస్ గిటార్. అమ్మ ఒక్కతే వేరే పని చేసేది, లాండ్రీలో ఇస్త్రీ. హాలు పోతే ఒకరి పని కాదు, నలుగురి పనీ ఒక్క దెబ్బకి పోతుంది. అది అందరికీ తెలుసు.

ఇంటికొచ్చాక నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, "వాడు ఏ రికార్డు వేస్తాడో అదే మనం వాయిద్దాం. వాడికంటే బాగా వాయిద్దాం. అంతే" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "వాడి వంతు మొదలవగానే మనం వెనక తలుపులోంచి బయటికి. ఒక్కరు కూడా లోపల ఉండకూడదు. ఎదుటివాడి ఇంట్లోకి తొంగిచూసే అలవాటు మనకి లేదు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం మా నాన్న. అందరం సరేనన్నాం.

అలా మా ముందుగదిలో బడి మొదలైంది. పాత సామాన్ల కొట్టులో ఫంక్, డిస్కో రికార్డులు ఏరి తెచ్చాం. అట్టల మీద మాకు రాని భాషలో పేర్లు. అందుకని బొమ్మల్ని బట్టి మేమే పేర్లు పెట్టుకున్నాం. చెమటలు కారుతూ మైకుని కొరికేసేలా ఉన్నవాడు చెమటాయన. బూరలు పట్టుకుని వరసగా నిలబడ్డవాళ్ళు పెళ్ళివారు. నేలని ఊడ్చే గౌను వేసుకుని, ప్రపంచమంతా తనకి బాకీ ఉన్నట్టు చూస్తున్నావిడ పెద్దావిడ. తళుకులాయన ప్రతి వారం తప్పకుండా వేసేది పెద్దావిడ పాటేనని హాలు ఊడ్చేవాళ్ళు చెప్పారు.

ఒకే పాటని నలుగురం నాలుగు రకాలుగా వినేవాళ్ళం. బాబాయి బూరలు, అత్త గొంతు, నేను అడుగున నడిచే బేసు, నాన్న కాలి డ్రమ్ము. ఎవరి ముక్క వాళ్ళు తీసుకుని పక్కగదిలోకి వెళ్ళి నేర్చుకుని రావాలి. వచ్చాక కలపాలి. నాన్న పాఠం చెప్పడం మొదలుపెడితే మాత్రం ఆయన మాటలకి కరువుండేది కాదు.

"చెమటాయన దగ్గర చూడండి, మొదటి దెబ్బ ఇంటి పెద్ద. మధ్యలో ఎవడు ఎటు తిరిగినా సరే, మొదటి దెబ్బకి అందరూ ఇంటికి చేరాలి. అదీ ఫంక్. పెద్దావిడ దగ్గర అలా కాదు. అక్కడ కాలి డ్రమ్ము గోడ గడియారం. ఎవరు వచ్చినా, ఎవరు పోయినా అది ఆగదు. అదీ డిస్కో."

"మరి గడియారం వాయించడానికి మనిషెందుకన్నయ్యా?" అన్నాడు బాబాయి.

"గడియారానికి చెమట పట్టదు కాబట్టి" అన్నాడు నాన్న.

మా రికార్డు ప్లేయరు ముసలిది. లోపల బెల్టు జారిపోయి, పాట మధ్యలో గొంతులు సాగిపోయేవి. బాబాయి దాన్ని విప్పి, ఏదో చేసి, మళ్ళీ బిగించాడు. ఆ తర్వాత పాట ఎక్కడా సాగలేదు. చెయ్యి తగలని వస్తువు ఉండకూడదు బాబాయికి. ఆ రోజంతా కాలరెగరేసుకుని తిరిగాడు.

తిప్పలన్నీ అప్పట్నుంచే మొదలయ్యాయి. మాకు తెలియలేదు, అంతే. నా బేసు రికార్డుతో కలవాలంటే తీగలు బిగించాల్సి వచ్చేది. బిగిస్తే ఫట్‌మని తెగేవి. బాబాయి ఆర్గను మీద వెతికి, "ఈ పాటలేమిటో రెండు మెట్ల మధ్యన ఇరుక్కున్నాయి, పై మెట్టుకి ఎక్కించేద్దాం" అనేవాడు. అన్నిటికంటే కష్టం అత్తది. పెద్దావిడ పాట చివర గొంతు మేడెక్కుతుంది. అక్కడికి వచ్చేసరికి అత్త మెడ మీద నరాలు తేలేవి.

"ఇది మరీ పైన ఉందన్నయ్యా" అంది ఓ రోజు, నీళ్ళు తాగుతూ.

"రికార్డులో ఆవిడ పాడుతోందిగా. ఆవిడ మాత్రం మనిషి కాదా?"

"మనిషే. నేనూ మనిషినే."

"అయితే ఇంకోసారి."

అత్త ఇంకోసారి పాడింది. అన్న ఇంకోసారి అంటే పాడటం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ గొంతు విని పెరిగినదాన్ని నేను. గాజులాంటి సన్నటి గొంతు. జనం పాత పాటలకి నేల మీద ఆగిపోయి, ఆడటం మానేసి, ఆవిణ్ణే చూస్తూ నిలబడటం నాకు తెలుసు.

హాల్లో మాత్రం మా వంతు వచ్చేసరికి జనం గోడ వారకి జరిగేవారు. మొదటి పాటకి ఉత్సాహంగా వచ్చేవారు, రెండో పాటకి విసనకర్రలు వెతుక్కునేవారు. ఎండ వేడి అనుకున్నాం. కానీ మేం వెనక సందులో మెట్ల మీద టీ తాగుతుంటే లోపల నుంచి అడుగుల చప్పుడు వినిపించేది. అదే ఎండ, అదే జనం. తలుపు మూసి ఉండటంతో గోడ అదురు తప్ప పాట సరిగా వినపడేది కాదు.

ఒక శనివారం అమ్మ లాండ్రీ వాళ్ళతో కలిసి హాలుకి వచ్చింది. మర్నాడు భోజనాల దగ్గర నాన్న ఎటో చూస్తూ, "ఎలా ఉంది?" అన్నాడు.

"రికార్డులకి ఆడుతూ పక్కనావిడతో కబుర్లు చెప్పుకోవచ్చు. మీకు ఆడితే ఆయాసం. పాట సగంలోనే కూలబడ్డాం" అంది అమ్మ.

"ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అనలేదు పెద్దలు."

అమ్మ చేతిలో గరిటె అక్కడే ఆగింది. "రోజంతా ఇస్త్రీ పెట్టె మోసే ఒళ్ళు నాది. సాయంత్రం దాకా నిలబడే కాళ్ళు నావి. నేను ఆడలేకపోవడమా? ఒకసారి మీ మద్దెల సంగతే చూసుకోండి."

బాబాయికి పొలమారింది. నాన్న మారు వడ్డించుకోకుండానే లేచిపోయాడు.

ఆ తర్వాతి శనివారం అత్త గొంతు తెగింది. తెగడం అనే మాట తప్ప ఇంకోటి నాకు తోచడం లేదు. పెద్దావిడ పాట చివర మేడెక్కే చోట నోరు తెరిచింది, గాలి వచ్చింది, పాట రాలేదు. బాబాయి గబుక్కున ట్రంపెట్ ఎత్తుకున్నాడు. నాన్న డ్రమ్స్ గట్టిగా బాదాడు. అత్త మైకు దగ్గర్నుంచి వెనక్కి జరిగి, చీకట్లో నిలబడి, గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. పాట అవగానే నాన్న ఆవిడ భుజం పట్టుకుని వెనక తలుపు వైపు నడిపించాడు. బాబాయి వెనకాలే వెళ్ళాడు.

నేను వెళ్ళలేదు. ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో తెలియదు. తళుకులాయన నా వైపు ఒక చూపు చూసి, కావాలని అదే రికార్డు తీసి పెట్టాడు. పెద్దావిడ పాట.

పెద్దావిడ తాపీగా వచ్చింది. నాకు తెలిసిన పెద్దావిడ బస్సు అందుకోవడానికి పరిగెత్తే మనిషి. ఈవిడకి తొందరే లేదు. గొంతులో బరువుంది. కాలి డ్రమ్ము దెబ్బకీ దెబ్బకీ మధ్యన తుంటి తిప్పుకునేంత చోటుంది. మేడెక్కే చోట అసలు మేడే లేదు, నాలుగు మెట్లున్నాయి. జనం అంతా నేల మీదే ఉన్నారు, నోళ్ళు కదులుతున్నాయి. అమ్మ చెప్పిన కబుర్లు.

బేసు ఇంకా నా భుజానే ఉంది. వైరు పీకేసి, చెవిని గిటారు కర్రకి ఆనించి తీగ మీటాను. నా తీగ రికార్డు కంటే పైన పలికింది. చెవి తీయకుండా తీగ బిగించే బిరడా వదులు చేస్తూ పోయాను. రెండూ కలిసే చోటికి వచ్చేసరికి నా తీగ వేసవికి ముందున్న చోటికే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే బాబాయిని లేపి ప్లేయరు విప్పించాను. మోటారు మీద బెల్టు తిరిగే చిన్న చక్రం ఉంటుంది. దాని చుట్టూ నల్లటి టేపు, కట్టు కట్టినట్టు మందంగా ఉంది.

"బెల్టు జారుతోందని పట్టు కోసం చుట్టాను" అన్నాడు బాబాయి, ఇంకా నిద్ర కళ్ళతోనే.

"చక్రం లావైతే పళ్ళెం జోరుగా తిరుగుతుంది కదా బాబాయ్? పాట జోరెక్కితే శ్రుతి కూడా పైకెక్కుతుంది కదా?"

ఆయన నిద్ర అక్కడితో వదిలింది. నెత్తి మీద ఒకటి కొట్టుకున్నాడు. తర్వాత వంటింటి వైపు, వీధి వైపు చూసి గొంతు తగ్గించి, "పిల్లి మెడలో గంట ఎవరు కడతారే?" అన్నాడు.

"నేనే కడతాను" అన్నాను.

నాన్న, అత్త డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి ఎండ ముదిరింది. గొంతులో వాపు ఉందట, కొన్ని వారాలు గుసగుస కూడా కూడదట. మళ్ళీ పై స్థాయి పలుకుతుందని మాటివ్వలేనని డాక్టరు నాన్నకి విడిగా చెప్పాడట. అది అత్త విననే విన్నది. నాన్న కుర్చీలో కూర్చుని మొహం తుడుచుకుంటున్నాడు. ఇంతకంటే చెడ్డ సమయం ఉండదని నాకు తెలుసు. కానీ ఆగితే ఇక చెప్పలేను.

"నాన్నా, పెద్దావిడ అంత పైన పాడలేదు."

రికార్డు పెట్టి వినిపించాను. తర్వాత బాబాయి టేపు ఊడబెరికి, బెల్టు జారకుండా పెన్సిలుతో నొక్కి పట్టుకున్నాడు. మళ్ళీ వినిపించాను. పెద్దావిడ తాపీగా నడిచొచ్చి మా ముందుగదిలో నిలబడింది.

అత్త నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. రెండూనేమో. బాబాయి తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాడు.

నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళాడు. వంటింట్లో ఆయనకి మంచినీళ్ళ బిందె తప్ప ఏదీ ఎక్కడుందో తెలియదు. గిన్నెలు దొర్లిన చప్పుడైంది, అగ్గిపుల్లలు రెండు మూడు ఆరిపోయాయి. అమ్మ లేవబోతే, "నువ్వు కూర్చో" అని లోపలి నుంచే అన్నాడు. కాసేపటికి వేడినీళ్ళ గ్లాసు వేళ్ళు కాలుతుండగా పట్టుకొచ్చి, చెల్లెలి ముందు నేల మీద కూర్చుని, ఊదడం మొదలుపెట్టాడు. చల్లారాక ఆవిడ చేతికిచ్చాడు. ఆ సంగతి మీద మా ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ చర్చ జరగలేదు.

బాబాయి కొత్త బెల్టు తెచ్చి బిగించాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. కొత్తగా నేర్చుకోవడం కంటే, నేర్చుకున్నది మరవడం కష్టమని అప్పుడు తెలిసింది. నాన్న కాలు అలవాటుగా పరుగందుకునేది. "నెమ్మదిగా వాయించడం మొనగాడి పని" అని తనని తానే అదిలించుకునేవాడు. చివరికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. సాయంత్రం అమ్మ పని నుంచి రాగానే మంచానికీ బీరువాకీ మధ్య ఖాళీలో నిలబెట్టి, "ఆడుతూ మాట్లాడు" అన్నాడు.

"ఏం మాట్లాడను?"

"నీకు మాటలు లేకపోవడమా?"

అమ్మ ఆడుతూ లాండ్రీ కబుర్లు చెప్పేది. ఎవరి కోటు జేబులో ఎవరి ఫోటో దొరికింది, ఎవరు చొక్కా మాడ్చి పక్కవాళ్ళ మీదకి నెట్టారు. అమ్మకి మాట మధ్యలో ఆయాసం వచ్చిందంటే నాన్న జోరు పెరిగినట్టు. వెంటనే తగ్గించేవాడు. మద్దెలని ఆడేవాళ్ళు దిద్దడం నేను అక్కడే చూశాను. అత్త మూల కుర్చీలో కూర్చుని, పెదవులు బిగించి, మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూ అంతా వినేది.

శనివారాలు గొంతు లేకుండానే నెట్టుకొచ్చాం. జనం సగం నిలబడ్డారు, సగం నిలబడలేదు. యజమాని ఓ రోజు వచ్చి, "పాడే మనిషి లేకుండా ఆఖరి శనివారం ఎలా? నా ఎరుకలో ఒకావిడ ఉంది, పంపించనా?" అన్నాడు.

"మా చెల్లెలి మైకు దగ్గర ఇంకొకళ్ళు నిలబడరు" అన్నాడు నాన్న.

"అయితే హాలు వదులుకుంటారా?"

"అది ఆఖరి శనివారం చూసుకుందాం."

ఆ శనివారానికి ముందు డాక్టరు అత్తని కొద్దికొద్దిగా మాట్లాడొచ్చన్నాడు. పాడమనలేదు. అత్త దాన్ని తనకి కావలసినట్టు అర్థం చేసుకుంది. ఇంట్లో ఒక్క మాట కూడా మాట్లాడకుండా పాట కోసం గొంతు దాచుకుంది. బయల్దేరే ముందు నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు పాడకపోయినా ఫరవాలేదమ్మా. తమ్ముడు ట్రంపెట్‌తో లాగిస్తాడు. హాలు పోతే పోనీ."

పోనీ అనే మాట నాన్న నోట అదే మొదలు నేను వినడం. అత్త ఆయన్ని పక్కకి జరిపి, చెప్పులేసుకుని, మా అందరికంటే ముందు మెట్లు దిగింది.

హాలు నిండిపోయింది. పెద్దావిడ పాట నాతోనే మొదలవుతుంది, బేసు ఒక్కటే. మొదటి తీగ మీటబోతుంటే అత్త నా వైపు తిరిగి అరచేతిని నేల వైపు తిప్పి కిందకి జరిపింది. రికార్డు కంటే కూడా ఒక మెట్టు కింద. అలా మేం ఎప్పుడూ వాయించలేదు. బాబాయి కళ్ళు పెద్దవయ్యాయి. నేను వేళ్ళు కిందకి జరిపి మొదలుపెట్టాను. నాన్న కాలు నెమ్మదిగా వచ్చి కలిసింది. బాబాయి ఎడమ చెయ్యి తడుముకుంటూ మమ్మల్ని అందుకుంది.

అత్త నోరు తెరిచింది. ఆ గొంతు నాకు తెలియదు. గాజు లేదు, సన్నం లేదు. గరుకుగా, లోతుగా, అడుగు నుంచి తోడుకొచ్చినట్టు ఉంది. నాకు భయం వేసింది. తర్వాత భయం పోయింది. ఆవిడ బతిమాలుకోవడం లేదు, ఉన్న మాట చెబుతోంది. గోడ వారన ఉన్నవాళ్ళు ముందుకొచ్చారు. అద్దాల బంతి చిమ్మే వెలుగు చుక్కల కింద అమ్మ కనిపించింది, లాండ్రీ వాళ్ళ మధ్యన. ఆడుతూనే పక్కనావిడతో ఆగకుండా మాట్లాడుతోంది. నాన్న కూడా అటే చూస్తున్నాడు.

పాట చివరికొచ్చింది. రికార్డయితే అక్కడితో అయిపోతుంది. మేం ఆపలేదు. అత్త కాస్త గొంతు తడుపుకోవడానికి వెనక్కి జరిగితే నేను, నాన్న ఇద్దరమే మిగిలాం. జనం అడుగులే మూడో వాద్యం. అత్త మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెనక్కి జరిగింది. తళుకులాయన చేతిలో రికార్డు పట్టుకుని, తన వంతు కోసం సందు దొరుకుతుందేమోనని చూస్తూ నిలబడ్డాడు. సందు దొరకలేదు. కాసేపటికి రికార్డు అట్టలో పెట్టేసి, పాదంతో తాళం వేయడం మొదలుపెట్టాడు. అతని మీద నాకున్న కోపం సగం అక్కడే కరిగింది.

చివరికి ఆపేసరికి నాన్న చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కర్రలు ఒళ్ళో పెట్టుకుని చెల్లెలి వీపు వైపు చూస్తున్నాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి, అది చెమట కాదు.

యజమాని జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికొచ్చాడు. లైట్లు ఆయన కళ్ళలో పడుతున్నాయి, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

"హాలు మీదే. మాటంటే మాటే" అన్నాడు రొప్పుతూ. "ఒక్క షరతు. ఈ కొత్తావిణ్ణి ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారో గానీ, ఇకమీదట ఈవిడే పాడాలి. ఆ పాతావిడ వద్దు."

నాన్న ఏదో చెప్పబోయాడు. అత్త మైకు పక్కకి జరిపి, వెలుతురులోకి ఒక అడుగు వేసి, ఆయనకి మొహం కనిపించేలా వంగింది.

"ఆవిడ ఇక రాదు" అంది, ఆ కొత్త గొంతుతో. "వచ్చే శనివారం నేనొస్తాను."